మంచు మీద ఉప్పు

చేపల వ్యాను వచ్చి ల్యాబ్ వెనక గేటు ముందు ఆగగానే కాపలావాడు ముక్కు మూసుకున్నాడు. లోపల అడుగుపెట్టాలంటే చెప్పులు విడిచి, తలకి టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టుకోవాల్సిన చోటు అది. అలాంటి చోటికి ఈ కంపు బండి ఏమిటని అతని బాధ.

"ఎవరు కావాలి?" అని గద్దించాడు.

"మా మరదలు. లోపల మందు తయారుచేసేది ఆవిడే," అన్నాడు బండి దిగిన మనిషి, ఆ భవనం, ఆ గేటు, ఆ కాపలావాడితో సహా అంతా తన మరదలి సొంతమైనట్టు.

ఆ మరదలు అప్పుడే మెట్లు దిగి వస్తోంది. తెల్లటి పెట్టెను రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, నిండు కుండ మోస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ. వారం రోజులుగా కంటినిండా నిద్రలేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏం సైంటిస్టమ్మా, ఇంతేనా? ఈ బుల్లి పెట్టె కోసమా ఇంత బండి కడిగి తెచ్చాను!" అన్నాడు బావ.

"నవ్వకు బావా. ఇందులో ఉన్నది అక్క ప్రాణం."

బావ నవ్వు టక్కున ఆగిపోయింది. చేతులు ప్యాంటుకి తుడుచుకుని పెట్టె అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. తానే తీసుకెళ్ళి ముందు సీట్లో తన పక్కన పెట్టుకుంది.

మాటవరసకి అన్నది కాదు అది. అక్కకి రొమ్ములో గడ్డ వచ్చింది, కోసి తీసేశారు. గండం గడిచిందనుకుంటుండగా కాలేయంలో తేలింది. కీమో ఇచ్చారు. మొదట్లో లొంగింది, తర్వాత మొండికేసింది. మందు లోపలికి వెళ్ళడం ఆలస్యం, ఆ పాడు కణాలు దాన్ని పట్టుకుని బయటికి తోసేయడం నేర్చుకున్నాయి. పైగా ఆ మందే అక్క గుండెను కూడా దెబ్బతీసింది. చివరికి డాక్టర్లు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి వండి పెట్టండి అన్నారు. ఆ మాట వాళ్ళు ఎంత మెత్తగా చెబుతారో వినేవాళ్ళకి అంత ఒళ్ళు మండుతుంది.

చెల్లెలి ల్యాబ్‌లో కొన్నేళ్ళుగా తయారవుతున్నది సరిగ్గా ఈ మొండి కణాల కోసమే. కొవ్వుతో చేసిన నానో సంచులు. కంటికి కాదు గదా, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవు. ఒక్కో సంచిలో రెండు మందులు. ఇదంతా బావకి ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఆమె ముందే చెప్పి ఉంది.

"రెండు మందులూ విడివిడిగా ఇస్తే ఒకటి ముందు చేరుతుంది, ఒకటి వెనక చేరుతుంది బావా. అందుకని రెండిటినీ ఒకే సంచిలో కూర్చోబెట్టి పంపిస్తాం. కణం మందుని బయటికి తోసేస్తుంది చూడు, ఒకటేమో ఆ దారి మూసేస్తుంది. రెండోది లోపల పని ముగిస్తుంది."

"అంటే ఇద్దరు దొంగలు, ఒక బండి. ఒకడు కుక్క మూతి కట్టేసేవాడు, ఇంకొకడు ఇల్లు దోచేవాడు."

"అలాగే అనుకో."

"మరి బండి దారిలో బోల్తా పడితే?"

"ఇద్దరూ రోడ్డున పడతారు. కనిపించిన వాణ్ణల్లా కొడతారు. అక్క గుండె ఆ దెబ్బ తట్టుకోలేదు," అంది చెల్లెలు. బావ తలూపి, తన టీ కూడా ఆమె వైపు జరిపాడు.

ఒక్క రోగికి వాడటానికి పైవాళ్ళ దగ్గర అనుమతి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్క విడతకి సరిపడా మాత్రమే చేయగలిగారు. మళ్ళీ చేసి, అందులో క్రిములు లేవని తేల్చి బయటికి ఇవ్వాలంటే తక్కువలో తక్కువ నెల. అక్క దగ్గర ఎన్ని నెలలున్నాయో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడంలోనే తెలిసిపోయింది.

మందులు మోసే కంపెనీ బండి రావాలి నిజానికి. వరదకి వంతెన కొట్టుకుపోయింది, దాంతోపాటు రైలు దారీ పోయింది. చుట్టుదారిన, ఆ గతుకుల్లో, పగలంతా నడపడం మా వల్ల కాదన్నారు వాళ్ళు. "ఎవడో ఎందుకు? నా పెళ్ళాం మందు నేను తెచ్చుకోలేనా?" అన్నాడు బావ. "ఇన్నేళ్ళుగా సముద్రం నుంచి చేప మోస్తున్నా. ఒక్క చేప కన్ను తెల్లబడిందా?"

నిజమే, ఎప్పుడూ తెల్లబడలేదు. ఆయన కిటుకు మార్కెట్టంతటికీ తెలుసు. ఐసు మీద రాళ్ళుప్పు. "మంచు మీద ఉప్పు చల్లావనుకో, మంచుకే చలేస్తుంది," అనేవాడు. అమ్మానాన్నా లేని పిల్ల చెల్లెలు. అక్క పెళ్ళైనప్పుడు అక్క కొంగు పట్టుకుని ఆ ఇంటికొచ్చింది. కొత్తచోట బిక్కమొహం వేసుకు కూర్చుంటే బావ గ్లాసుడు నీళ్ళు తెచ్చి, ఐసులో గుచ్చి, చుట్టూ ఉప్పు పోసి, ఆ నీళ్ళు గడ్డకట్టించి చూపించాడు. "ఎలా బావా?" అంటే, "నాకేం తెలుసు? నువ్వు చదువుకుని నాకు చెప్పు," అన్నాడు. చదువుకుంది. చెప్పింది కూడా. ఆమె ఈ ల్యాబ్‌లో తేలడానికి మూలం ఆ గ్లాసే.

బండి కదిలాక, "చల్లగా ఉండాలి బావా. వేడి తగిలితే ఇంతే సంగతులు," అంది చెల్లెలు.

"చల్లదనం గురించి నాకా చెబుతున్నావు?" అన్నాడాయన.

గడ్డకట్టకూడదు అన్న మాట మాత్రం ఆమె అనలేదు. ఎందుకంటుంది? పెట్టెలో చల్లటి ప్యాకెట్లు సర్దే ఉన్నాయి, మర్నాటి దాకా మూత తీసే పనే లేదు. ఆ సంచులకి మంచు పడదని ఆమె ల్యాబ్‌లో నేల తుడిచే మనిషికి కూడా తెలుసు. పైగా పెట్టె తన పక్కనే ఉంది, తాను మేలుకునే ఉంది. అలా అనుకుంటూనే, ఊరు దాటేలోపు తల కిటికీకి ఆనించింది. అంతే, ఒళ్ళు తెలియలేదు.

"లే సైంటిస్టమ్మా, వచ్చేశాం," అన్న మాటకి కళ్ళు తెరిచింది. ఎండ పడకుండా కిటికీకి తువ్వాలు కట్టి ఉంది. తల కింద బావ చొక్కా మడతపెట్టి ఉంది. పక్కన పెట్టె లేదు.

"పెట్టె ఏది?"

"కంగారు పడకు. ఎండ మాడ్చేస్తోందని వెనక పెట్టా." బావ వెళ్ళి వెనక తలుపు తీశాడు. ఐసు గడ్డల మధ్య తెల్లటి పెట్టె, దాని మూత కూడా కాస్త ఎత్తుగా లేచి, లోపలంతా ఐసు కుక్కి ఉంది. "చెయ్యి పెట్టి చూడు! వేళ్ళు కొంకర్లు పోకపోతే నన్నడుగు!"

పెట్టె అంచున తెల్లటి పలుకులు మెరుస్తున్నాయి.

"ఉప్పేశావా బావా?"

"వెయ్యనా మరి! దారిలో రెండుసార్లు ఆపి వేశా. నీకు మెలకువ వస్తుందేమోనని తలుపు కూడా మెల్లిగా మూశా తల్లీ." మొహం వెలిగిపోతోంది ఆయనకి. "పెట్టె మీద మంచుపువ్వు బొమ్మ ఉంది కదా. చూడగానే అనుకున్నా, మనవాళ్ళే వీళ్ళు అని."

బొమ్మ ఉన్న మాట నిజమే. దాని మీద అడ్డంగా గీత ఉన్న మాట కూడా నిజమే. "నువ్వు అక్క దగ్గరికి వెళ్ళు. నేను మందులగదిలో ఇచ్చి వస్తా," అని మాత్రం అంది చెల్లెలు.

మందులగది చూసుకునే పెద్దావిడ పెట్టెలోంచి ముందుగా చలి కొలిచే మీటరు తీసింది. దాని మీద ఎర్ర దీపం కొట్టుకుంటోంది. ఆవిడ దాన్ని చెల్లెలి ముందు పెట్టింది. తర్వాత సీసా తీసింది. రాయిలా గడ్డకట్టి ఉంది.

కరిగేదాకా చెల్లెలు దాన్ని అరచేతుల్లో పట్టుకునే కూర్చుంది. బాగున్న మందు నారింజ రంగు కలిసిన పల్చటి పాలలా ఉంటుంది. వెలుగుకి ఎత్తి చూస్తే సీసా అవతలి వేలు మసకగా కనిపించాలి. ఇప్పుడు ఎత్తి చూస్తే వేలి మీద గీతలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. అడుగున తరకలు పేరుకున్నాయి. మంచు సూదులు పొడిచి పొడిచి సంచులన్నిటినీ చీల్చేశాయి. ఇద్దరు దొంగలూ రోడ్డున పడ్డారు.

"కొన్ని మిగిలి ఉంటాయి," అంది చెల్లెలు. "అన్నీ పగలవు. పావు వంతు మిగిలినా మిగిలినట్టే కదా మేడం. వడకడితే? తక్కువ తక్కువగా ఎక్కిస్తే?"

పెద్దావిడ కళ్ళజోడు తీసింది. "అమ్మా, దీన్ని చేసింది నువ్వు. నాకంటే నీకే తెలుసు. నీ అక్క కాకుండా ఇంకెవరి అక్కో అయితే ఎక్కించనిస్తావా?"

చెల్లెలు బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. ఆమె ఈ మందు ఇంకెవరి కోసమైనా చేసిందా, చేసింది అక్క కోసం! పుట్టి బుద్ధెరిగాక నేర్చుకున్నదంతా ఆ సీసాలో పోసింది. అది అడుగున తరకలై కూర్చుంది. నిద్ర! ఈ దిక్కుమాలిన నిద్ర ఇంకో పూట ఆగకపోయిందా? బావ ఐసు పెడతాడని, ఉప్పు చల్లుతాడని లోకంలో ఎవరికి తెలియకపోయినా తనకి తెలియదా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని నోటికొచ్చినట్టు తనని తాను తిట్టుకుంది. పెద్దావిడ సీసాను ఒక సంచిలో పెట్టి, వాడరాదని చీటీ అంటించి, ఆమె వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడింది.

అక్క మంచం కిటికీ పక్కన. ఆమె కుట్టుపని చేసే మనిషి. ఆసుపత్రి గౌను వదులుగా ఉందని కూర్చుని కుట్లు వేసుకుంది. పక్కమంచం ఆవిడ గౌను కూడా తీసి సరిచేసింది. చెల్లెలి మొహం చూడగానే, "ఏమిటే ఆ పీనుగు మొహం? పోయేది నేనా నువ్వా?" అంది.

చెల్లెలు చెప్పేసింది. అక్క దగ్గర దాచడం ఆమెకి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

అక్క కిటికీలోంచి కిందకి చూస్తోంది. కింద కొళాయి దగ్గర బావ వ్యాను కడుగుతూ ఈలేస్తున్నాడు. ఆ ఈల పై అంతస్తు దాకా వినిపిస్తోంది.

"ఆయనకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"చెప్పకు."

"మందు ఎందుకివ్వలేదని అడిగితే?"

"మీ ల్యాబ్‌లోనే చెడిపోయిందని చెప్పు. నీ చేతిలోనే పోయిందని చెప్పు."

"నేనా?"

"నువ్వే. నువ్వు ఏడుస్తావు, ఏడిస్తే నీకు తగ్గుతుంది. ఆయనకి ఏడవడం రాదే. లోపల పెట్టుకుని ఏదో ఒకరోజు బండిని తీసుకెళ్ళి ఏ లారీకో గుద్దేస్తాడు." అక్క ఆయాసంతో ఆగింది. "నేను పోతే పోతాను. నా పెళ్ళాన్ని నేనే చంపుకున్నాననుకుంటూ ఆ పిచ్చిమనిషి బతకకూడదు. చేతిలో చెయ్యి వెయ్యి."

"అక్కా, మళ్ళీ చేస్తాను. నెల. ఒక్క నెల ఆగు."

"ఆగుతాలే. ఎక్కడికి పోతాను, నడిచే ఓపిక కూడా లేదు," అని నవ్వింది అక్క. "ముందు ఒట్టెయ్యి."

చెల్లెలు ఒట్టేసింది.

వరండాలో బావకి చెప్పింది. నేనే తప్పు చేశాను బావా, సంచులు సరిగ్గా కట్టలేదు, ఇక్కడికొచ్చాక తెలిసింది అని. చెబుతూ నేల చూసింది. ఆయన తడి చేతులు అలాగే వేలాడేసుకుని నిలబడ్డాడు.

"నేను ఎండలో పడి, రోడ్డు లేని దారిలో, కన్నుమూయకుండా తెచ్చింది పాడైన మందా?"

"బావా..."

"అనకు బావా అని. నీ చదువుకి అది వేళ్ళు సూదితో పొడుచుకుంటూ కుట్టింది. దాని ఒక్కదానికి సరిగ్గా చేయలేకపోయావా? నిద్రపోయావు చూడు, అప్పుడే అనుకోవాల్సింది నేను. నీకు పట్టలేదు."

ఆ మాట శూలంలా దిగింది. నాలుక చివరన జవాబుంది. మింగలేక, కక్కలేక నిలబడింది చెల్లెలు. ఆయన వెళ్ళిపోయాడు. ఈల వినపడలేదు మళ్ళీ.

ఆ నెల గడిచిన తీరు పగవాడికి కూడా వద్దు. పొద్దున్న కొవ్వు కరిగించడం, సన్నటి జల్లెడ రంధ్రాల్లోంచి మళ్ళీ మళ్ళీ నొక్కడం, సంచుల సైజు చూడటం, మందులు ఎక్కించడం, ఒక మందు ఎక్కువై ఇంకోటి తక్కువైతే పారబోసి మొదటికి రావడం. సాయంత్రం ఫోన్. ఫోన్‌లో అక్క గొంతు రోజురోజుకీ సన్నబడింది. కడుపులో నీరు చేరింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఒకరోజు ఫోన్ తీసి ఏమీ మాట్లాడలేక ఊపిరి మాత్రం వినిపించింది. "నేనేలే, ఆగుతున్నా," అంది చివరికి. చెల్లెలు ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది. కన్నీళ్ళు తుడుచుకున్న చేతులతో మందు ముట్టుకోకూడదని ఆ ల్యాబ్‌లో ఎక్కడా రాసి లేదు, కానీ ఆమె మాత్రం కడుక్కునేది.

మందు తయారైంది. వంతెన ఇంకా కాలేదు. మళ్ళీ చేపల వ్యాను గేటు ముందు ఆగింది. ఈసారి కాపలావాడు ముక్కు మూసుకోలేదు.

బావ మరదలి మొహం చూడలేదు. "మీరు చేసేది సరిగ్గా చేశారా? మోసేది నేను చూసుకుంటా," అన్నాడు. వెనక తలుపు తీసి చూపించాడు. కొత్త ఐసు. పక్కన కొత్త ఉప్పు బస్తా, ఇంకా విప్పలేదు. "పోయినసారి కంటే ఎక్కువే తెచ్చా."

ఇది చెల్లెలు అనుకోలేదా? అనుకుంది. అనుకునే ఒక ఉపాయం కూడా పన్నుకుని వచ్చింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, నిద్రపోదు, ఇవ్వదు. ఒట్టూ నిలబడుతుంది, మందూ నిలబడుతుంది.

"పెట్టె నా ఒళ్ళోనే ఉండాలి. కొత్త రూలు," అంది.

"నీ రూళ్ళు నీ దగ్గర పెట్టుకో. నిద్ర మాత్రం పోకు," అన్నాడు బావ.

దారిలో ఎండ ముదిరింది. బండి రేకు పెనంలా కాలింది. పెట్టె మీద ఆమె చేతులు చెమటతో అతుక్కుపోయాయి. పెట్టెలోపల ఏమీ కాదని ఆమెకి తెలుసు, మీటరు చెబుతోంది. ఆయనకి తెలియదు. రోడ్డు మీంచి ఆయన కళ్ళు మాటిమాటికీ పెట్టె మీదకే వస్తున్నాయి. చివరికి రోడ్డు పక్కన చెట్టు కూడా లేనిచోట బండి ఆపేశాడు. వెనక్కి వెళ్ళి, గునపంతో ఐసు పగలగొట్టిన చప్పుడు వినిపించింది. ఇనప చేటలో ఐసు, దాని మీద ఉప్పు పోసుకుని ఆమె వైపు తలుపు దగ్గరికి వచ్చాడు.

"మూత తియ్యి."

"వద్దు బావా. మూత తీయకూడదు."

"ఎండ చూశావా? ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని పొయ్యి మీద కూర్చున్నట్టు కూర్చున్నావు. తియ్యి."

"వద్దన్నానా!"

"ఏయ్, పోయినసారి పాడైంది నీ చేతిలో, నా చేతిలో కాదు! ఈసారి కూడా నిన్ను నమ్మి దాన్ని చంపుకోమంటావా?" ఆయన ఒక చేత్తో పెట్టె పట్టుకుని లాగాడు. చేపల బుట్టలు ఎత్తే చెయ్యి అది. ఆమె పెట్టె మీద బోర్లా పడి రెండు చేతులతో కరుచుకుంది. మూత సగం జరిగింది. చేటలోంచి ఐసు ముక్క ఒకటి జారి ఆమె మోచేతి మీద పడింది.

"గడ్డకడితే చచ్చిపోతుంది బావా!" అని అరిచేసింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఒక లారీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. ఆ దుమ్ము అణిగేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆమె మూత సర్దింది, మీటరు చూసింది. పచ్చ దీపమే. ఊపిరి తీసుకుంది.

"పోయినసారి వేశానే," అన్నాడు బావ. "రెండుసార్లు వేశా."

ఆమె పెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నీ తప్పన్నావు మరి."

"అక్క చెప్పమంది."

చేట చేతిలోనే ఉంది. ఐసు కరిగి ఉప్పునీళ్ళు ఆయన పాదాల మీద పడుతున్నాయి. ఆయన ఆ చేటను చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, చేటను కింద పడేసి రోడ్డు పక్కన మట్టిలో కూలబడ్డాడు. ఏడవడం రాదని అక్క సరిగ్గానే చెప్పింది. నోరు తెరిచి ఉంది, ఏడుపు రావడంలేదు, ఎక్కిళ్ళలాంటివేవో వస్తున్నాయి. "నెల రోజులు... నెల రోజులు దాన్ని..." అని అక్కడే ఆగిపోతున్నాడు. నిన్ను నానా మాటలూ అన్నానే అని ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు.

చెల్లెలు కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఒట్టు పోయింది, సరే. ఇప్పుడు ఈ మనిషి ఇక్కడే కూలబడితే? నడిరోడ్డు, మనిషి జాడ లేదు, అక్కడ అక్క ఊపిరి బిగబట్టుకుని ఉంది. తనకి స్కూటరు తోలడం కూడా రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బండి దిగి, పెట్టె చంకలో పెట్టుకునే ఆయన ఎదురుగా కూర్చుంది.

"బావా, నా మాట విను. నిద్రపోయింది నేను. గడ్డకట్టకూడదని చెప్పనిది నేను. నువ్వు ఉప్పు వేస్తావని నాకు తెలియదా? చిన్నప్పుడు గ్లాసు పట్టుకుని చప్పట్లు కొట్టింది నేనే కదా? ఇది ఇద్దరం చేశాం. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడుద్దాం, జన్మంతా ఏడుద్దాం. ఇప్పుడు మాత్రం లే. నువ్వు నడపకపోతే ఇది ఇక్కడే ఉంటుంది."

"నా చేతులు వణుకుతున్నాయే."

"వణకనీ. వణుకుతూనే నడుపు. అక్క ఆగుతానంది బావా. ఆగుతానని చెప్పి ఆగింది."

ఆ మాటకి లేచాడు. లేచి ముందుగా వెనక్కి వెళ్ళాడు. ఉప్పు బస్తా భుజానికెత్తుకుని తెచ్చి, మిగిలిందంతా రోడ్డు పక్క గోతిలో కుమ్మరించాడు. ఖాళీ సంచి కూడా దులిపి పారేశాడు. బండిలో ఉన్న డబ్బా నీళ్ళతో చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు, ఒకసారి కాదు, నీళ్ళు అయిపోయేదాకా. తర్వాత బండి ఎక్కాడు. మిగతా దారంతా గుడ్లు మోస్తున్నట్టు నడిపాడు. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆమె ఒళ్ళోకి చూశాడు.

ఆసుపత్రిలో దిగాక ఆమె పెట్టె అందించబోతే రెండడుగులు వెనక్కి వేశాడు. "నువ్వే పట్టుకెళ్ళు. నేను ముట్టుకోను," అన్నాడు.

మందులగది పెద్దావిడ మీటరు చూసింది, సీసా వెలుగుకి ఎత్తింది. అవతల ఆవిడ వేలు పొగమంచులో ఉన్నట్టు మసకగా కనిపించింది. ఆవిడ చెల్లెలి చెంప తట్టింది. పెద్ద డాక్టరు మాత్రం గది బయటే చెప్పేశాడు. "కాలేయం బాగా దెబ్బతింది. నెల కిందట అయితే నేనూ ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎక్కిద్దాం, చూద్దాం. ఆశ పెట్టుకోండి, ఎక్కువ మాత్రం పెట్టుకోకండి." నెల కిందట అన్న మాట దగ్గర బావ గోడ పట్టుకున్నాడు. చెల్లెలు ఆయన చొక్కా పట్టుకుంది.

అక్క మంచంలో ఉందో లేదో తెలియనంత చిన్నదైపోయింది. గౌనుకి వేసుకున్న కుట్లు మళ్ళీ వదులైపోయాయి. నర్సు అక్క చేతికి సూది గుచ్చి, పల్చటి నారింజ రంగు మందు గొట్టంలోకి వదిలింది. చుక్క చుక్కగా దిగుతోంది.

అక్క కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసింది. "ఏమయ్యా, అక్కడే నిలబడ్డావేం? రా."

బావ వచ్చాడు. మంచానికి జానెడు దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఈసారి మంచి మందేనా?" అంది అక్క.

"మంచిదే. నేను ముట్టుకోలేదు," అన్నాడు బావ.

అక్క ఆయన మొహం చూసింది. తర్వాత చెల్లెలి వైపు చూసింది. "చెప్పేశావా పిచ్చిమొద్దూ," అంది, కోపం లేదు. చెల్లెలు తల దించుకుంది.

అక్క సూది లేని చెయ్యి చాపి, ఆయన వెనక దాచుకున్న చేతుల కోసం గాలిలో తడిమింది. ఆయన ఇవ్వలేదు. ఆయాసపడుతూనే ఇంకాస్త ముందుకి జరిగి, ఒక వేలు దొరకబుచ్చుకుని, మెల్లిగా ఆ చేతిని ముందుకి లాగి, సూది ఉన్న చెయ్యి పక్కన, మందు దిగుతున్న గొట్టం మీద పెట్టుకుంది.

"ఇప్పుడు ముట్టుకో," అంది.

ఆయన చెయ్యి ఐసులా ఉంది. అక్క వదల్లేదు.